లేచిపోతున్నయ్!

మా ఆయనకు అన్న, నాకు బావ. లోకంలో ఆయనకు తెలియనిది లేదు. బత్తాయి తోటకు నీళ్లెప్పుడు పెట్టాలో, ఎవరింటి కోడలు ఎంత నవ్వాలో అన్నీ ఆయనే చెప్పాలి. అదీ మీసం దువ్వుకుంటూ.

తోటలో తేనెటీగల పెట్టెలు మాత్రం నావి. ఎండాకాలం మా దిక్కు పూత ఉండదు. ఈగలకు చక్కెర నీళ్లు పట్టాలి, పెట్టెల మీద తడి గోనెలు కప్పాలి. వానలు పడేదాకా వాటిని బతికించుకుంటే చాలు, తేనె మాట తర్వాత. అన్నిట్లోకి బలమైన పెట్టె ఒకటుండేది. పోయిన ఏడాది ఖాళీ అయిన పెట్టెలన్నీ దాని ఈగలను పంచి నింపుకోవాలని నా ఆశ.

ఆ రోజు చక్కెర కోసం ఆలేరు పోతూ, "బావా, గోనెలు జర తడుపుండ్రి. ఇంకేం ముట్టకుండ్రి" అని చెప్పాను. ముట్టొద్దంటే ఆయన చెవికి ముట్టమనే వినబడుతుంది కాబోలు.

మధ్యాహ్నం లోపల ఉక్కపోస్తే ఈగలు పెట్టె వాకిలి బయటికొచ్చి గుత్తిగా వేలాడతాయి. ఉక్కపోస్తే మనం అరుగు మీద కూర్చోమా, అంతే. ఆ బలమైన పెట్టె దగ్గర ఈ మహానుభావుడు అది చూశాడు. ఈగలు గూడు వదిలినా, ఆడపిల్ల ఇల్లు వదిలినా ఆయనకు ఒకటే మాట. "లేచిపోతున్నయ్, లేచిపోతున్నయ్!" అని అరిచి, పొగపెట్టి వాటిని లోపలికి తోలి, వాకిలికి మట్టి మెత్తాడు. సందు లేకుండా మెత్తాడు, పనిమంతుడు కదా! మళ్లీ మట్టి కలిపే ఓపిక లేక మిగతా పెట్టెలు బతికిపోయాయి.

నేను తిరిగొచ్చేసరికి తోట కాడే నిలబడి ఉన్నాడు. "గింత సేపాయె, యాడ తిరిగినవ్?" అన్నాడు ముందు. ఆయన వెనక పెట్టె అడుగు నుంచి మైనం, తేనె కలిసి కారుతున్నాయి.

సంచి కింద పడేసి మట్టి పీకాను, మూత తీశాను. తేనెపట్లు కరిగి ఒకదాని మీద ఒకటి కూలాయి. ఈగలు అందులో ముద్దయి పడున్నాయి. ఒక్కటీ కదల్లేదు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

"గాలికొచ్చినయ్ బావా అవి! జర గాలికొచ్చినయ్!"

ఛీ, తప్పు చేసిన మొహం కూడా పెట్టలేదు. కండువా దులుపుకున్నాడు.

"గాలికని వచ్చినయే లేచిపోతయ్ పిల్లా, నీకు తెల్వది. అయినా ఇప్పుడేమైంది? సచ్చినా ఇంట్లనే సచ్చినయ్ గద!"