దోమ కానివి

గాజు గొట్టంలోకి పురుగును నోటితో పీల్చి, చివర వేలు అడ్డం పెట్టి, వెలుతురుకేసి ఎత్తి చూసేవాడు శౌరయ్య. ముందు చూసేది తొండం. అది లేకపోతే "దోమ కాదు" అని బయటికి ఊదేసేవాడు. మలేరియా డిపార్ట్‌మెంటులో పశువుల కొట్టాల వెంట తిరిగి దోమలు పట్టడం అతని ఉద్యోగం. దోమ కానిదానికి అక్కడ పేరుండేది కాదు. రిటైరై గుణదలలో ఉంటున్నా అలవాటు పోలేదు.

ఇంటి ముందు మల్లెపొద భార్య మార్త పెట్టింది. మే నెల మరియమాతది. ఆ నెలంతా సాయంత్రం ప్రార్థనకు ఆమే దండ కట్టి తీసుకెళ్ళేది. కిందటి వర్షాకాలంలో పోతూ "దండ మాత్రం మానకండి" అంది. ఇంకేమీ అడగలేదు. శౌరయ్య దండ కట్టడం నేర్చుకున్నాడు. ముడులు వదులుగా పడేవి.

డెబ్భై నాలుగు ఏప్రిల్‌లో పొద చుట్టూ సన్నటి ఈగల్లాంటి నుసుములు ముసిరాయి. ఒకదాన్ని పీల్చి చూశాడు. తొండం లేదు. ఊదేశాడు. రోజూ అంతే. తర్వాత మొగ్గలు అడుగున ఉబ్బి, ఊదారంగుకు తిరిగి, విచ్చకుండానే రాలసాగాయి.

గోడ అవతలి నుంచి పక్కింటి పద్మావతమ్మ పలకరించింది.

"మొగ్గలన్నీ అట్లా కమిలిపోతన్నయ్యేంటండీ శౌరయ్యగారూ?"

"ఎండకేమోనండీ."

"ఎండ మా చెట్లకి లేదా ఏంటి? ఊరందరి గోడలకీ మందు కొట్టించారు, సొంత చెట్టుకి నాలుగు చుక్కలు మిగల్లేదా?"

అతను నవ్వాడు. లోపలికెళ్ళాక ఆ మాట చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

మొగ్గ చీల్చి చూస్తే సన్నటి తెల్లపురుగులు. డిపార్ట్‌మెంటులో గుర్తు తెలియని పిల్లపురుగును పెంచి, రెక్కలొచ్చాక పోల్చుకునేవారు. అదే చేశాడు. సీసాలో తడిమట్టి పోసి, కమిలిన మొగ్గలు వేసి, మూతికి పలచటి గుడ్డ కట్టి మార్త మంచం పక్కన పెట్టాడు. పొద్దున్నే లేచి ముందు దాన్నే చూసేవాడు. ఇంట్లో కదిలే ప్రాణం మరొకటి లేదు.

మే నెల సగంలో ఒక మధ్యాహ్నం గుడ్డకు ఈగలు అంటుకుని ఉన్నాయి. నువ్వుగింజంత కూడా లేవు. మచ్చల రెక్కలు. తొండం లేదు. తను రోజూ పొద మీదికే ఊదేసినవి.

మిగిలిన మొగ్గల్లో దేనిలో గుడ్లున్నాయో పైకి తెలియదు. ఉంచితే మరి కొన్ని దండలు వస్తాయి, పొద దక్కదు. తుంచితే ఈ మే నెలకు దండ లేదు.

ఆ సాయంత్రం ఉత్త చేతులతో గుడికి వెళ్ళాడు. మాత స్వరూపాన్ని అలంకరించే దానమ్మ అతని చేతులకేసి చూసింది.

"మార్తక్క దండేదన్నా?"

"ఈ ఏటికి లేదమ్మా."

"అయ్యో, ఇంకా సగం నెలుందే!"

అతను వెనక బల్ల మీద కూర్చున్నాడు.

మర్నాడు తెల్లవారగానే మంచీ చెడూ చూడకుండా మొగ్గలన్నీ తుంచి, పాత బొచ్చెలో వేసి కాల్చాడు. పొద మొదట్లో మట్టి తవ్వి, దాగిన పురుగు ఎండకు మాడేలా తిరగేసి పరిచాడు.