గుండ్రటి మాత్సా

లీడ్స్ వెళ్లే రైల్లో నా ఎదుట కూర్చున్న యూదు పెద్దావిడ ఒళ్లో రెండు మాత్సా డబ్బాలున్నాయి. వాళ్ల పాసోవర్ పండుగకు పులియని పిండితో కాల్చే పలచటి రొట్టెలవి.

"ఇంట్లో అందరికీ ఈ చదరపువే ఇష్టం. అంచులు మాడిన ఈ గుండ్రటివి మా ఆయనొక్కడికే. 'అట్టముక్కలు నములుతున్నావా నాన్నా' అని పిల్లలు ఏడిపించేవాళ్లు," అంది నవ్వుతూ. "చలికాలంలో పోయాడు."

"మరి ఇవెవరు తింటారు?" అని అడిగాను.

"ఎవరూ తినరు. నేను కొనకపోతే షాపువాడు తెప్పించడం మానేస్తాడు."

నా భార్య పోయిందీ ఆ చలికాలంలోనే. ఆవిడకు చెప్పలేదు. ఆ ఆదివారం ఇండియన్ షాపులో, మా ఇంట్లో నా భార్య తప్ప ఎవరూ ముట్టని చల్లమిరపకాయలు తీసుకున్నాను.

"ఆంటీకేనా అంకుల్?" అంది కౌంటర్ దగ్గరి అమ్మాయి.

"అవునమ్మా. తెప్పిస్తూ ఉండండి."