ఉప్పు కలిపిన మూడు పూతలు

“చెప్పులు ఆడ ఇడిచి రా నాయనా. ఇడవమని బోర్డు మీద రాయలా అంటావేమో. రాయకపోయినా ఇడువు. నేనుండగా ఈ గుహలోకి ఎవురూ చెప్పులతో పోలా.”

చెప్పులు విడిచాను. ఉదయం తొమ్మిది కాకముందే రాయి కాలుతోంది. రెంటచింతల దాటాక బస్సు దిగి, దున్ని వదిలేసిన చేల మధ్య మూడు కిలోమీటర్లు నడిచి ఈ గుట్ట ఎక్కాను. పైన పాత బౌద్ధ గుహ ఉందని విని చూడటానికి వచ్చాను. దారి ఎవరు చూపిస్తారని ఊళ్లో అడిగితే అందరూ ఒకే పేరు చెప్పారు. సున్నం మౌలాబీ.

అరవై దాటిన మనిషి. సన్నగా, గట్టిగా ఉంటుంది. వేళ్ల చివర చర్మం తెల్లగా పగిలి ఉంటుంది. ఆమె వెంట పక్కింటి దయామణి కూడా వచ్చింది. దయామణి బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. వేసవి సెలవులు కాబట్టి తీరిగ్గా ఉంది.

“నువ్వు నయం అన్నా, అడగంగానే ఇడిచావు,” అంది దయామణి. “పోయినేడు వచ్చిన ఆఫీసరు చేత బూట్లిప్పించింది మా వదిన. పాపం, ఆయన సాక్సుకు ఇంత చిల్లు. బొటనవేలు బయటికొచ్చి మమ్మల్ని చూస్తంది.”

“ఏమే, నీకు బొటనవేలు కనపడింది. నాకు ఆయన చేతిలో బ్లేడు కనపడింది,” అంది మౌలాబీ.

గుహ పెద్దదేమీ కాదు. పదిమంది కూర్చోవచ్చు. రెండు పక్కలా రాతిలోనే తొలిచిన అరుగులు. వెనక గోడలో, రాయి చెక్కి సగం బయటికి తీసిన గుండ్రటి స్తూపం. నేలా కప్పూ తప్ప అంతా తెలుపే. పూత మీద పూత పడి మూలలు మూలల్లా లేవు. స్తూపం కింద చెక్కిన తామర రేకులు అన్నం ముద్దల్లా ఉబ్బి ఉన్నాయి.

“స్తూపమంటారు మీరు. మేం గుమ్మటమంటాం,” అంది మౌలాబీ. “మా అమ్మమ్మ తల్లి పిడుగురాళ్ల బట్టీల కాణ్ణించి సున్నం గంపతో ఈ ఊరొచ్చిందంట. గొర్లోళ్లు చెప్తే ఎక్కి చూసింది. గుండ్రంగా గుమ్మటం. పీరుసాహెబు సమాధి అనుకుంది. దర్గా గుమ్మటం నల్లగా ఉంటే బాగుంటదా? సున్నం కొట్టి దిగింది. దిగేసరికి వాన.”

“గుట్ట దిగేలోపలే తడిసిపోయిందంట,” దయామణి అందించింది.

అప్పటి నుంచీ ఆ ఊళ్లో అది పద్ధతి. మృగశిర కార్తె వచ్చేలోపల గుమ్మటం గుహకు సున్నం పడాలి. పడకపోతే వాన రాదు. మెట్ట చేల వాళ్లు, కులమేదైనా, ఆ ఒక్క రోజు నీళ్ల బిందెలు గుట్ట పైకి మోస్తారు. సున్నం వేసేది మాత్రం మౌలాబీ ఇంటి ఆడవాళ్లే. మౌలాబీ తన తొమ్మిదో ఏట తల్లి మస్తాన్‌బీ వెనక కుంచె పట్టుకుని ఎక్కింది. పెళ్లయినా ఊరు దాటలేదు. మేనమామ కొడుకు మీరా సాహెబ్‌నే చేసుకుంది. ఆయన సైకిల్ మీద గాజులమ్మేవాడు. ఆమె ఇళ్లకు సున్నం వేసేది. ఇళ్లన్నీ రంగు డబ్బాలకు మారాక కూలికి పోయింది కానీ, గుహ మాత్రం వదల్లేదు.

పోయినేడు ఆ పురావస్తు శాఖ ఆఫీసరు కుడి గోడ మీద అరచేయంత మేర సున్నం గీకాడు. కింద అక్షరాలు బయటపడ్డాయి. ఒకటిన్నర వరుస. రెండు వేల ఏళ్లనాటి లిపి అన్నాడట. మిగతా వాక్యం సున్నం కిందే ఉంది. ఇక సున్నం వేయరాదని బోర్డు పెట్టించాడు. వచ్చే సోమవారం కాంట్రాక్టు మనుషులు ట్యాంకరూ మోటారూ తెచ్చి, నీళ్ల ధాటితో గోడలు కడుగుతారు. ఇది నాకు మౌలాబీ గుట్ట ఎక్కుతూ మూడుసార్లు చెప్పింది. సోమవారం ఎన్నో తారీఖని రెండుసార్లు అడిగింది.

“అచ్చరాలంటే నాకేం తెలుసు. తెలుగే చదవటం రాదు నాకు,” అంది ఇప్పుడు, ఆ చోటు చూపిస్తూ. “ఇక్కడ ఉండే సాములు వానాకాలం బయట తిరిగేవోళ్లు కాదంట. నాలుగు నెలలు ఈడే కూకునేవోళ్లంట. ఆయనే చెప్పాడు. మరి వానలకి ముందు ఎవురో ఒకరు ఊడ్చి అలికేవోళ్లేగా? మా అమ్మలాంటిదే ఒకామె ఉండుంటది.”

నేను ఆ అక్షరాల దగ్గరికి వంగాను. చిన్నవి, పొందికగా ఉన్నాయి. వాటి చుట్టూ సున్నం అప్పడంలా పైకి లేచి ఉంది. వేలు ఆనించకముందే పిండి రాలింది. పిండితో పాటు నల్లటి రాతి పొట్టు కూడా. ఎడమ గోడ అలా లేదు. గోటితో గీకినా రాలేదు.

“ఒకే చేతి సున్నం కదమ్మా, ఈ గోడ ఎందుకిలా అయింది?” అని అడిగాను.

మౌలాబీ కొంగుతో అరుగు తుడిచింది. అక్కడ దుమ్మేమీ లేదు.

“తేమ అన్నా,” అంది దయామణి. “ఆ పక్క బండ సందులోనించి వాన నీళ్లు దిగుతయ్.”

“తేమ ఎప్పుడూ ఉంది,” అంది మౌలాబీ. “మా అమ్మ రోజుల్లో కూడా ఉంది. అప్పుడు రాలలా.”

అరుగు మీద కూర్చుని, సున్నం ఎలా చేయాలో చెప్పడం మొదలుపెట్టింది. నేను అడగలేదు. బట్టీ నుంచి తెచ్చిన సున్నపురాయి గుంటలో వేసి నీళ్లు పోస్తే అది కుతకుత ఉడుకుతుంది. ఆ వేడి మీద వేయకూడదు. నెల రోజులు నానాలి. పాత చీరలో వడగట్టాలి. తుమ్మ జిగురు ఏరుకొచ్చి, నానబెట్టి, అందులో కలపాలి. ఈతమట్ట చివర దంచిన కుంచెతో పల్చగా వేయాలి. జిగురు దొరక్కపోతే ఆ ఏడు సున్నమే వేయవద్దని మస్తాన్‌బీ కచ్చితంగా చెప్పి పోయింది.

“మా ఆయనకి ఊపిరితిత్తులు చెడినయ్. గుంటూరు ఆస్పత్రిలో పడేశారు. మూడేళ్లు ఆడా ఈడా తిరగటమే నా పని. తుమ్మ చెట్ల ఎంబడి తిరిగి జిగురు ఏరే తీరిక నాకేదీ? మృగశిర దగ్గరికొచ్చె. ఊరోళ్లు వచ్చి, ఏమ్మా మౌలాబీ, ఎప్పుడూ, అని అడగబట్టిరి. పిడుగురాళ్లలో ఒక మేస్త్రి చెప్పాడు, జిగురెందుకు, బిందెకి రెండు గుప్పిళ్లు ఉప్పెయ్యి, పట్టుకుంటది అని. ఏశా. బోర్డు పడకముందు మూడేళ్లూ ఏశా, తేమ తగిలే ఈ కుడి గోడ ఒక్కదానికే. ఎడం గోడ పాత జిగురు పూతతోనే ఉంది.”

దయామణి ఆమె వైపు తిరిగింది. “ఉప్పేశావా?”

“ఎంత తెల్లగా వచ్చిందనుకున్నావు. నువ్వే అన్నావు, వదినా, మీ అమ్మ కంటే బాగా ఏశావు, పాలు పోసినట్టుంది, అని.”

“వదినా, ఆ మూడేళ్లేగా మా పత్తి చేను నిలువునా ఎండింది. ఊరంతా ఎండింది.”

“అందుకే ఇన్నాళ్లూ ఎవురికీ చెప్పలా.”

బయట ఎక్కడో మేకలు అరిచాయి. దయామణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కుడి గోడ దగ్గరికి వెళ్లి చూసింది. తర్వాత, తనలో తాను లెక్క చూసుకున్నట్టు అంది. “వినుకొండలో మా చెల్లెలోళ్లది కూడా ఎండింది ఆ మూడేళ్లూ. వాళ్ల గుట్టకి నువ్వు సున్నం కొట్టలాగా.” మళ్లీ అంది, “ఊళ్లో ఈ మాట నేననను. నువ్వూ అనమాకు.”

“అనకపోతే సోమవారం నాటికి గోడ పోద్ది,” అంది మౌలాబీ.

ఆమె భయం వాన గురించి కాదని నాకు అప్పుడు తెలిసింది. మిగిలిన ఉప్పు సున్నం ఆ మూడేళ్లూ తన ఇంటి వంటగది గోడకు కూడా వేసిందట. పోయిన సంక్రాంతికి ముందు ఆ గోడ కడుగుదామని బిందెడు నీళ్లు కొట్టింది. ఊడింది సున్నం ఒక్కటే కాదు. గోడకు పెట్టిన నాపరాతి పలక పైపొర కూడా దానితో పాటు ఊడి చేతిలోకి వచ్చింది. ఉప్పు రాతిలోకి దిగి, పొరను లోపలి నుంచి లేపేసిందని ఆమె లెక్క. ఇక్కడ గుహలో కూడా అక్షరాలున్నది రాతి పైపొర మీదే.

“తర్వాత ఇంకో మూల చూశా,” అంది. “గోనెపట్టా తడిపి, పిండి, గోడకి అంటించా. ఆరంగానే తీసి, మళ్లా తడిపి అంటించా. వారం రోజులు. ఆ పట్టా నాలిక్కి ఆనిచ్చి చూస్తే ఉప్పు. ఉప్పంతా పట్టాలోకి వచ్చింది నాయనా. పలక మాత్రం కదల్లా.”

“గోడ నాకిందంట,” దయామణికి కొంచెం ప్రాణం వచ్చింది. “నేను కూర నాకి ఉప్పు చూస్తేనే బడిలో తిడతారు.”

“మరి ఈ మాట ఆఫీసరుకు చెప్పలేదా?” అన్నాను.

ఆయన ఫోను ఎత్తడం లేదట. మొన్న కొలతలకు వచ్చిన కాంట్రాక్టు మనిషితో నీళ్లు కొట్టొద్దని చెబితే, ఎందుకని అడిగాడు. ఎందుకో చెప్పాలంటే ఉప్పు మాట చెప్పాలి. చుట్టూ ఊరివాళ్లు నలుగురున్నారు. వాళ్ల ముందు ఆ మాట అనలేక, ఊరికే వద్దంది. అతను నవ్వి, టేపు చుట్టుకుని పోయాడు. పోతూ, చదువులేని ముసలోళ్లు తరతరాలుగా పాడు చేశారు దీన్ని అన్నాడు.

“తరతరాలుగా అన్నాడు,” అంది మౌలాబీ. “మా అమ్మ పాడు చేయలా. ఎడం గోడ చూడు, మా అమ్మ నేర్పిన పూత ఎట్టా ఉందో.”

గుహలోంచి బయటికి వచ్చేసరికి ఎండ తెల్లగా కొడుతోంది. మౌలాబీ నా చెప్పులు కాలితో నీడలోకి జరిపి ఉంచింది. దయామణి ముందు దిగుతూ, కింద ఎవరైనా అడిగితే గుమ్మటం చూసి వచ్చామని మాత్రమే చెప్పమంది. మౌలాబీ ఆమెను ఆగమంది.

“నువ్వూ ఉండవే. నీ ముందే చెప్తా. నాయనా, నీ దెగ్గిర కాయితం ఉందిగా? నర్సరావుపేట మీదేగా పోయేది, ఆ ఆఫీసరు ఉండేది ఆణ్ణే. రాయి. కుడి గోడకి నీళ్లు కొట్టమాకండి, ముందు మౌలాబీ ఇంటికొచ్చి వంటగది గోడ చూడండి అని రాయి. ఉప్పు మూడేళ్లే పడింది అని రాయి. ఏసింది మౌలాబీ, మస్తాన్‌బీ కాదు అని పెద్దచ్చరాలతో రాయి. ఏలిముద్ర ఏసిస్తా. ఈ రోజు శుక్రవారం, ఆఫీసు అయిదింటికి మూస్తారంట. బస్సు పదకొండున్నరకి. నడు, కూకోమాకు, ఇది ఆయన చేతిలోనే పెట్టు, బంట్రోతుకి ఇయ్యమాకు.”