పెట్టని పోర్టును తీసేసిన వైనం

అసలే రోగంతో ఉన్న ఒక మనిషిని నా తెలివితేటలతో ఇంకో వారం ఏడిపించాను. ఆ ఘనకార్యం ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను. నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. చివర్లో మాత్రం నన్ను రెండు తిట్టి మరీ వెళ్లండి.

సెల్‌ఫోన్లకి ఇన్‌కమింగ్ ఫ్రీ అయిన కొత్త. తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లు పక్క మేడ మీద మూడు నెలలు మెడికల్ కోడింగ్ నేర్చుకున్నాను. ప్రతి ఆపరేషన్‌కీ ఒక నంబరుంటుంది. కాగితం మీద అది వేస్తేనే ఏం చేయబోతున్నారో బీమా కంపెనీకి తెలుస్తుంది. పుస్తకం చూసి వేయాలి. నేను చూడను! అన్నీ ఎక్కాల్లా బట్టీ పట్టేశాను మరి. ఆ పొగరుతోనే ఏలూరులో ఒక కేన్సర్ ఆసుపత్రి బిల్లింగ్ సెక్షన్లో చేరాను. రోజూ పాసింజరు రైల్లో వెళుతూ, పక్కవాళ్ల రోగాలకి అడక్కపోయినా నంబర్లు చెప్పేవాణ్ణి.

ఆ రోజుల్లో కలిదిండి నుంచి మార్తమ్మ గారు వచ్చేవారు. మిషన్ స్కూల్లో లెక్కల టీచరు. రొమ్ము కేన్సర్. ఎడమవైపు ఆపరేషన్ అయింది కాబట్టి ఆ చేతికి సూది గుచ్చకూడదు. కుడిచేతి నరాలేమో కీమో మందుకి గట్టిపడిపోయాయి. సుద్దముక్క పట్టుకునే చెయ్యి అది. డాక్టరు గారు పోర్టు పెడదామన్నారు. పోర్టంటే రూపాయి బిళ్లంత డబ్బీ. ఛాతీ మీద చర్మం కింద పెట్టి, సన్నటి గొట్టంతో గుండె దగ్గరి పెద్ద నరంలోకి కలుపుతారు. ఇక మందు అందులోంచే ఎక్కుతుంది, చేతిని పొడవక్కర్లేదు. సోమవారం కీమో. ఆలోగా బీమా వాళ్ల అనుమతి రావాలి.

కాగితం నింపి సంతకానికి ఇచ్చాను.

"బాబూ, ఏం రాశారో ఒకసారి చదివి వినిపిస్తారా?"

"అక్కర్లేదండీ, నాకివన్నీ నోటికొచ్చు."

"నోటికొచ్చన్న పిల్లలకే నేను ఎక్కువ సున్నాలు వేస్తానండీ," అని నవ్వి సంతకం పెట్టారామె.

ఫ్యాక్సు పంపాను. మర్నాడు జవాబొచ్చింది: "పోర్టు ఫొటో, కారణం పంపండి."

బుద్ధున్నవాడైతే ఇక్కడ ఆగి, పెట్టని పోర్టుకి ఫొటో ఏమిటని ఆలోచిస్తాడు. నేను సరాసరి స్టోరుకెళ్లి, కొత్త పోర్టుని పెట్టెతో సహా ఫొటో తీయించాను. కారణం దగ్గర 'డాక్టరు గారి సలహా' అని రాసి పంపేశాను. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. నేను సోమలింగానికి ఫొటో కూడా తీయించాను.

సోమవారం పొద్దున్నే బీమా కంపెనీ డాక్టరు ఫోను చేశారు.

"ఏవండీ, ఒంట్లో ఉన్న పోర్టు అట్టపెట్టెలో సీలుతో ఉందేమిటండీ?"

"ఒంట్లో ఎక్కడుందండీ? ఇంకా పెట్టందే!"

"మరి పెట్టకుండా ఎలా తీస్తారండీ?"

"తీయడమేమిటండీ?"

"మీరు వేసింది తీసే నంబరు. లోపల లేనిదాన్ని బయటికి ఎలా తీస్తారో చెబితే, మేమూ నేర్చుకుంటాం."

అప్పుడు పుస్తకం తెరిచాను. పెట్టే నంబరూ, తీసే నంబరూ ఒకే పేజీలో ఉన్నాయి. నా పక్క సీటు రమణి గారు తొంగి చూసి, "సత్తిబాబు గారూ, ఆ పుస్తకం తెరిస్తే కరుస్తుందని ఎవరైనా చెప్పారాండీ?" అన్నారు.

మళ్లీ మొదట్నుంచీ పంపాలి. అనుమతి రావడానికి రెండు రోజులు. కీమో వాయిదా వేయడానికి లేదన్నారు డాక్టరు గారు. అంటే మళ్లీ ఆ కుడిచెయ్యే. నేను వార్డు గుమ్మంలో నిలబడ్డాను. నర్సు ఏడోసారి గుచ్చితేగానీ నరం దొరకలేదు. మార్తమ్మ గారు ఒక్కసారి కూడా అరవలేదు. అరిచినా బాగుండేది. సాయంత్రానికి చెయ్యి మోచేతి దాకా వాచింది. ఆ వారమంతా ఆమె సుద్దముక్క పట్టుకోలేకపోయారు.

ఆ సాయంత్రమే కొత్త కాగితం పట్టుకుని ఆమె మంచం దగ్గరికెళ్లాను.

"తప్పయిపోయిందండీ. నా పొగరే మిమ్మల్ని..."

"ఏడవకండి. నిలబడి చదవండి."

వార్డంతా వినేలా చదివాను. నంబరు దగ్గర ఆపి, మళ్లీ చదివించారు. తర్వాత ఎడమచేత్తో వంకరటింకరగా సంతకం పెట్టారు. ఆ సంతకం గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

అనుమతి వచ్చింది, పోర్టు పెట్టారు. మిగిలిన కీమోలన్నీ అందులోంచే ఎక్కాయి.

ఏణ్ణర్ధం తర్వాత ఒకరోజు నా టేబులు ముందు ఎవరో నిలబడ్డారు. పొట్టిగా, ఒత్తుగా పెరిగిన జుట్టు. చీర కొంగుకి సుద్దపొడి. గుర్తుపట్టేసరికి గబుక్కున లేచాను.

"బాబూ, జబ్బు లేదన్నారు డాక్టరు గారు. పోర్టు తీయించేసుకోమన్నారు. అప్పుడు తొందరపడి వేశారే, ఆ నంబరు ఇప్పుడు వేయండి."

పుస్తకం తెరిచాను. నిలబడి చదివాను. ఆమె రెండోసారి చదవమనలేదు. కుడిచేత్తో గుండ్రంగా సంతకం పెట్టారు.

మర్నాడు ఆ బీమా డాక్టరు గారి నుంచి ఫోను.

"సత్తిబాబు గారూ, ఈసారి లోపల ఉందాండీ?"

"ఉందండీ. ఈసారి పుస్తకాన్నీ, మనిషినీ కళ్లారా చూసే వేశానండీ."

కాబట్టి అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. పుస్తకం చూడకుండా నంబరు వేయను. చదివి వినిపించకుండా సంతకం అడగను. పుట్టని సోమలింగానికి ఫొటో తీయించను. తీసే నంబరు ఒక్కటి మాత్రం, పోర్టుతో వచ్చిన ప్రతి ఒక్కరికీ వేయాలని ఉంది. తొందరపడి కాదండీ, వేళకే.