ముందుబండి చర్నాకోల

ఆదోని ఇంకా బళ్లారి జిల్లాలో ఉన్న రోజులు. మా పెద్దకడుబూరు పక్క వానలు తప్పిన ఏడాది ఊరి బండ్లన్నీ కలిసి పత్తి తీయడానికి ఆలూరు అవతలికి పోయేవి. ముందుబండి తోలేవాడే దారికంతా పెద్ద. ఎవరి ఎద్దులు బలంగా ఉంటే ఆయన చేతికే చర్నాకోల ఇచ్చేవాళ్లు. కానీ ఏ బావిలో నీళ్లుంటాయో తెలిసింది మా పెద్దమ్మకే. కొంగు నడుముకు దోపుకుని బండి పక్కనే నడిచేది. అడిగితే తప్ప నోరు విప్పేది కాదు.

ఒకసారి దారి చీలిన చోట ముందుబండి తోలే ఆసామి ఆమెను అడక్కుండానే కుడివైపు తిప్పాడు. తీరా చూస్తే బావి ఎండిపోయి ఉంది. మా తమ్ముడు దప్పికతో ఏడ్చి ఏడ్చి సోలిపోయాడు.

"ఎడమపక్క బాయిలో నీళ్లుండాయని ముందే సెప్పకూడదా అక్కా?" అని ఆయనే గదమాయించాడు.

"నన్ను అడిగితివా అప్పా?" అంటూ పెద్దమ్మ కడవెత్తుకుని వెనక్కి నడిచింది. నీళ్లతోనే తిరిగొచ్చింది.

మరుసటి ఏడు చర్నాకోల మళ్లీ ఆయనకే ఇస్తుంటే నేను ఉండబట్టలేక, "ఈసారి మా పెద్దమ్మకియ్యండి!" అని అరిచాను.

"ఆయమ్మకు ఎద్దులు యాడుండాయి పాపా?" అన్నాడు ఆసామి.

అందరూ నవ్వారు. అందరికంటే ముందు నవ్వింది మా పెద్దమ్మే. ఆ కోపం నాకింకా తీరలేదు.