చిట్టమూరు అక్క ఎడమ కన్ను

ఆ రోజుల్లో, అంటే కొత్తగా ఉద్యోగంలో చేరి, మెడలో గుర్తింపు కార్డు వేసుకుని టీ కొట్టుకు కూడా దానితోనే వెళ్లే రోజుల్లో, నాకు మనుషుల మాట కంటే కంప్యూటర్ మాట మీదే గురి ఎక్కువ. నెల్లూరులో మా ఆసుపత్రికి అప్పుడే ఒక సాఫ్ట్‌వేర్ వచ్చింది. తలకు వైర్లు అంటించి తీసిన మెదడు తరంగాలనూ, స్కానింగులో వచ్చిన మెదడు బొమ్మనూ కలిపి, మూర్ఛ ఎక్కడ మొదలవుతోందో ఎర్రచుక్క పెట్టి చూపిస్తుంది. దాన్ని నడపడం వచ్చినవాణ్ని ఆసుపత్రి మొత్తానికి నేనొక్కణ్నే (మూడు రోజుల శిక్షణ, అందులో ఒకరోజు నాకు జ్వరం).

అప్పుడొచ్చింది చిట్టమూరు వైపు నుంచి ఒక అక్క. పులికాట్ సరస్సులో నడుములోతు నీళ్లలో దిగి చేతులతో రొయ్యలు పట్టే మనిషి. మూర్ఛ మొదలయ్యాక, నీళ్లలో పడిపోతే ఎవరు చూస్తారని భర్త ఆమెను గట్టు దిగనివ్వడం మానేశాడు. మందులు పనిచేయలేదు. స్కానింగులో ఏమీ లేదన్నారు. మూర్ఛ పుట్టే చోటు తేలితే ఆపరేషన్ చేయొచ్చు. తేలకపోతే జన్మంతా గట్టు మీదే.

ఆమెకు ఎదురుగా నిలబడి తలంతా వైర్లు అంటించి, కుడివైపు వైర్ల కట్టనూ ఎడమవైపు కట్టనూ మిషన్లో గుచ్చి, గంటన్నర సేపు తరంగాలు తీశాను. సాఫ్ట్‌వేర్ చుక్క పెట్టింది, మెదడుకు ఎడమవైపున. అక్క తెర చూసి సంతోషపడింది. "నాకు అదిరేది ఎడమ చెయ్యే గదా నాయినా, సరిగ్గా పట్టేసినావు," అంది. భర్త దండం పెట్టబోయాడు. నేను వద్దనలేదు (ఇంకాస్త నిటారుగా కూడా నిలబడ్డాను).

మా డాక్టరమ్మ వచ్చి చుక్కను చూసింది, అక్క చేతిని చూసింది, చివరికి నన్ను చూసింది. ఎడమ చేతిని నడిపేది మెదడులో కుడి సగమని నేనూ చదువుకున్నవాణ్నే. ఆ దండం ముందు గుర్తు రాలేదు. వైర్లు సరిగ్గా గుచ్చావా అంటే, గుచ్చానన్నాను. ఆమె వాదించలేదు. "ఎడమ కన్ను ఒక్కటే కొట్టమను. ఆ కదలిక ఎడమవైపు వైర్లలోనే పెద్దగా రావాలి," అని కూర్చుంది.

అక్కను అడిగాను. రెండు కళ్లూ మూసింది. మళ్లీ విడమరిచి చెప్పాను. మళ్లీ రెండూ. దారిలేక ఆమె ఎదుట నిలబడి నేనే కన్ను కొట్టి చూపించాను. భర్త కుర్చీలోంచి లేచాడు.

"ఏంది సార్ ఈ పరీక్ష?" అన్నాడు నిదానంగా.

డాక్టరమ్మ కిటికీ వైపు తిరిగిపోయింది. భుజాలు మాత్రం ఊగుతున్నాయి. అక్కే ఆయన్ను కూర్చోబెట్టింది. "ఉండు మావా, నేర్చుకుంటుండా గదా," అని నాలుగోసారికి కొట్టింది, చక్కగా. తరంగం కుడివైపు లేచింది.

ఎదురుగా నిలబడి, నా ఎడమనే ఆమె ఎడమ అనుకుని గుచ్చేశానన్నమాట. చెవులు వేడెక్కాయి. కట్టలు మార్చి మళ్లీ మొదటినుంచీ తీశాను. చుక్క ఈసారి కుడివైపు పడింది. డాక్టరమ్మ స్కానింగులో ఆ చోటును పెద్దది చేసి చాలాసేపు చూసింది. అందరి కళ్లూ తప్పించుకున్న మచ్చ ఒకటి, బియ్యపుగింజంత, సరిగ్గా అక్కడే ఉంది. "దొరికింది," అంది. ఆ ఒక్క మాటకే అక్క ఏడ్చేసింది. నేను బయటికి వెళ్లి, ఎవరూ లేని వరండాలో రెండు గంతులు వేసి వచ్చాను.

పెద్ద ఊళ్లో ఆపరేషన్ జరిగింది. ఏడాది దాటినా మూర్ఛ మళ్లీ రాలేదని తెలిసి, చూడాలనిపించి వాళ్ల ఊరికి వెళ్లాను. భర్త గట్టు మీద ఒక్కడే ఉన్నాడు. ఆమె ఎక్కడంటే సరస్సు వైపు చూపించి, "పొద్దున దిగినాది సార్. పిలిచినా రాదు," అన్నాడు. ఫిర్యాదు చేస్తున్నవాడి ముఖం కాదది, వెలిగిపోతోంది. దూరంగా నీళ్లలో ఆడవాళ్ల మధ్య నుంచి ఆమె తలెత్తి, నన్ను గుర్తుపట్టి చెయ్యి ఊపింది.

తిరుగు బస్సులో పక్క సీటాయనకు, ముక్కూముఖం తెలియకపోయినా, గూడూరు వచ్చేదాకా ఈ కథంతా చెప్పాను. ఆయన నోరు తెరుచుకుని విన్నాడు. ఆయనకు చెప్పినదాంట్లో వైర్ల తప్పు చేసింది వేరెవరో, కనిపెట్టింది నేను. దిగేటప్పుడు ఆయన నా చెయ్యి పట్టుకుని, మీలాంటివాళ్లు ఉండబట్టే అన్నాడు. అప్పటి నాలోని ఆ కుర్రవాణ్ని తలుచుకుంటే ఇప్పుడు కోపం రాదు, కాస్త ముద్దే వస్తుంది. ఉన్నదున్నట్టు చెప్పడం మాత్రం ఇదే మొదటిసారి.