సాయిలన్న కట్టిన ముడి

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేమీ కాదు, రెండు మాటలు. ముడి ఊడింది. ఆ రెండు మాటలతో ఒక మంచి మనిషికి తన చేతుల మీద నమ్మకం లేకుండా చేశాను. నా పేరు అడగకండి. మాది జమ్మికుంట అని మాత్రం చెప్తాను. ప్రతి ఆదివారం చర్చిలో మోకరించి, చేసిన పాపాలన్నీ క్షమించమని గంపగుత్తగా అడుగుతూ వచ్చాను. దీన్ని విడదీసి ఒక్కసారి కూడా చెప్పలేదు. గంపగుత్తలో కలిసిపోతుందని అనుకున్నానేమో.

నేను డైవర్‌ని. కరీంనగర్ చుట్టుపక్కల రిజర్వాయర్లలో గేట్ల కింద ఇరుక్కున్న మొద్దులు తీయడం, మోటార్ల ముందుండే ఇనుప జాలీలు శుభ్రం చేయడం మా పని. టీవీలో చూపించే నీలం నీళ్లు, రంగు చేపలు మా దగ్గర ఉండవు. రెండు నిలువుల లోతు దాటితే మీ చెయ్యి మీకే కనబడదు. అందుకే సిలిండర్ నుంచి వచ్చే ఏ గొట్టం ఒంటి మీద ఎక్కడ ఉండాలన్నది మాకు చిన్న విషయం కాదు. దాని మీద కొట్టుకునేదాకా పోయేవాళ్లం.

సాయిలన్న మా జట్టులో అందరికంటే పెద్దవాడు. శ్రీరాంపూర్ మనిషి. అంతకుముందు బొగ్గుబాయిలో, ప్రమాదం జరిగితే లోపలివాళ్లను బయటికి తెచ్చే జట్టులో పనిచేశాడు. పొగ నిండిన సొరంగంలో పక్కవాడి ముఖం కనబడదు. కాబట్టి అందరి సామానూ ఒకే చోట ఉండాలి, ఎవరి చెయ్యైనా వెతుక్కోకుండా దాని మీదికే పోవాలి. ఆ పద్ధతినే నీళ్లలోకి తెచ్చాడు. డైవర్‌కి గాలి పీల్చే మౌత్‌పీసులు రెండుంటాయి. ఒకటి నోట్లో, ఇంకొకటి అవసరానికి. ఆ రెండోది ప్రతి ఒక్కరికీ గొంతు కిందే, రబ్బరు తాడుతో వేలాడాలన్నాడు. పక్కవాడికి గాలి అందకపోతే నీ నోట్లోది తీసి వాడికివ్వు, గొంతు కిందది నువ్వు పెట్టుకో. అందరి తాళ్లూ పొద్దున్నే తనే ముడివేసేవాడు. వేసి గుంజి చూసేవాడు.

నేనేమో విశాఖపట్నంలో ఓడల కింద పని నేర్చుకుని వచ్చినవాణ్ని. అక్కడ మా జట్టులో ఎవరి ఒంటికి నప్పినట్టు వాళ్లు సర్దుకునేవాళ్లు. నా రెండోది నడుం దగ్గర బెల్టులో దోపుకునే అలవాటు నాది. మెడకు తాడేమిటి, నేనేమైనా కోడెదూడనా అని అందరి ముందు ఎగతాళి చేసేవాణ్ని. కొమ్మలున్న నీళ్లలో మెడకు ఏదీ ఉండకూడదని వాదించేవాణ్ని. వాదనలో కొంత నిజం లేకపోలేదు. కానీ నన్ను నేను ప్రశ్నించుకుంటే, అతని పద్ధతి తప్పని నాకెప్పుడైనా అనిపించిందా? లేదు. బాయిలో పనిచేసినాయన వచ్చి నాకు నీళ్ల గురించి చెప్పడమేంటి అన్నదే నాకు మింగుడుపడలేదు. చివరికి మా సూపర్‌వైజర్ అతని మాటే ఖాయం చేసినప్పుడు రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

ప్రమాదం జరిగిన రోజు పొద్దున సాయిలన్న నా మెడకు తాడు వేసి, గుంజి చూసి, భుజం తట్టాడు. అతను అటు తిరగగానే తాడు తీసి జీపు సీటు మీద పడేశాను. మౌత్‌పీసు నడుంలో దోపుకున్నాను. చిన్నపిల్లల పంతం, నలభై దగ్గరపడ్డవాడికి.

లోపల, జాలీ దగ్గర, విరిగిన ఇనుప ముక్క తగిలి సాయిలన్న గొట్టం చిరిగి, అతని సిలిండర్‌లోని గాలంతా బయటికి పోసాగింది. బుడగల మోత వినబడింది. వెంటనే అతని చెయ్యి నా భుజం మీద, అక్కడి నుంచి తిన్నగా నా నోటి దగ్గరికి వచ్చింది. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. ఇవ్వాలి. ఇచ్చేముందు నా రెండోదాని కోసం నడుం తడుముకున్నాను. లేదు. ఏ కొమ్మకో తగిలి ఊడి, వీపు వెనక్కి పోయింది. అప్పుడు నేను పళ్లు బిగించాను. అతను గుంజాడు. నేను వదల్లేదు. రెండోసారి గుంజలేదతను, చెయ్యి తీసేసి ఒక్కడే పైకి పోయాడు.

అంత లోతు నుంచి అంత వేగంగా పైకి పోకూడదు. ప్రాణం దక్కింది కానీ చెవి లోపల దెబ్బతింది. నిలబడితే తూలేవాడు. ఇక నీళ్లలోకి దిగొద్దని డాక్టరు చెప్పాడు.

భయంతో పళ్లు బిగించినందుకు నన్ను నేను ఎప్పటికైనా క్షమించుకుంటానేమో. ఆ చీకట్లో ఇంకొకడైనా అదే చేసేవాడని చాలాసార్లు సర్దిచెప్పుకున్నాను. మరి గట్టు మీద? అక్కడ వెలుతురుంది, గాలి ఉంది, నా ప్రాణానికి ఏ ముప్పూ లేదు. ఏం జరిగిందని సూపర్‌వైజర్ అడిగినప్పుడు ఆలోచించుకునే చెప్పాను, మెడ దగ్గర ముడి ఊడింది, రెండోది దొరకలేదని. తాడు అప్పటికి జీపులోనే ఉంది. ముడి చెక్కుచెదరలేదు. అందరూ సామాను సర్దుతుంటే దాన్ని తీసుకుపోయి నీళ్లలో విసిరేశాను.

మర్నాడు ఆసుపత్రికి పోయాను. సాయిలన్న పైకప్పు చూస్తూ పడుకుని ఉన్నాడు.

"తమ్మీ, నా ముడే ఊడిందా?"

"ఊడిందన్నా."

"గట్టిగనే కడితి గద. గుంజి గూడ సూస్తి."

"నీళ్లల్ల నాని జారినట్టుంది."

చేతులు పైకెత్తి చూసుకున్నాడు. "నీకేమన్న అయితుండె గద తమ్మీ. పిల్లలున్నోనివి."

అతను అన్నది ఇదే. నాకు ఏమన్నా అయ్యుండేదని. అప్పుడైనా చెప్పొచ్చు కదా? నోరు తెరిచాను కూడా. తెరిచి, చాయ్ తెస్తానని బయటికి వచ్చేశాను.

తాళ్ల పద్ధతి రద్దయింది. ఎవరికి నచ్చినట్టు వాళ్లు సర్దుకోమన్నారు. నేను గెలిచాను. సాయిలన్న శ్రీరాంపూర్‌లో పంక్చర్ షాపు పెట్టుకున్నాడు. స్కూటరు మీద టైర్లు కట్టాల్సివస్తే భార్య రాజవ్వను పిలుస్తాడని, తన చేతి ముడి వద్దంటాడని తెలిసినవాళ్లు నవ్వుతూ చెప్పారు. నేనూ నవ్వాను.

ఈ వానాకాలం వరదల్లో సాయానికని చేపలు పట్టేవాళ్లకు డైవింగ్ నేర్పమని నన్ను అడిగారు. మొదటి రోజే హుజూరాబాద్ వైపు నుంచి వచ్చిన ఒకాయన, నా ఈడువాడే, సామానంతా తిప్పి చూసి అడిగాడు. "సార్, రెండోది అందరం ఒక్కతాన్నే పెట్టుకుంటె కాదా? సీకట్ల ఎవలిదైనా అందుతది గద." ఎవరూ చెప్పకుండానే ఆ మాట అతనికి తోచింది. తర్వాత చెప్తానని క్లాసు ముగించి, తిన్నగా శ్రీరాంపూర్ పోయాను.

సాయిలన్న ట్యూబు నీళ్లలో ముంచి చూస్తున్నాడు. నిలబడే చెప్పాను. తాడు తీసేసింది, పళ్లు బిగించింది, విసిరేసింది, అన్నీ. అతను ట్యూబు నీళ్లలోంచి తీసి పక్కన పెట్టాడు.

"గిన్నేండ్లు ఎందుకు చెప్పలే?"

"సిగ్గయింది అన్నా."

"నాకు కాలేదా సిగ్గు?"

తల వంచుకున్నాను. క్షమించమని అడగలేదు. అడిగితే అతని మీద ఇంకో బరువు పెట్టినట్టవుతుందనిపించింది. అతనే, ఎంతమంది నేర్చుకుంటున్నారని అడిగాడు. పద్దెనిమిది మంది అన్నాను.

"సోమారం వస్త. కట్టుడు నేనే సూపెడత. నేను రాకముందే గీ ముచ్చట వాళ్లందరికి చెప్పి ఉండాలె. చెప్పకపోతే తిరిగి పోత."

కూర్చోమనలేదు. నా ముఖం వైపు చూడలేదు. అయినా బండి దగ్గరికి నడుస్తుంటే, తొమ్మిదేళ్లలో మొదటిసారి, నా గురించి నాకు తెలిసింది ఇంకొకరికి కూడా తెలుసన్న నెమ్మది కలిగింది. వెనక షాపులోంచి సాయిలన్న గొంతు గట్టిగా వినబడింది.

"ఇన్నవానే రాజవ్వా, నేను మంచిగనే కట్టిన."

ఎల్లుండే సోమవారం. వాళ్లకు చెప్పేముందు మీకు చెప్పాను.